రెండో నమూనా

“ఆడపిల్లవి కదమ్మా, ఎముకలు నువ్వయితే శుభ్రంగా కడుగుతావు” అన్నారు నరసింహమూర్తి మాస్టారు. ఆ ఏడు, అంటే డెబ్బై ఎనిమిదిలో, డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్లు పుస్తకం చూసి కాకుండా కళ్లతో చూసిందే రాసి తేవాలని యూనివర్సిటీ పట్టుబట్టింది. మగపిల్లలకి మైక్రోస్కోపులూ, చేపల చెరువులూ దక్కాయి. పెళ్లయ్యాక చదువుకుంటున్న కృపావతికి రేకుపెట్టెలోని ఆడమనిషి అస్థిపంజరం దక్కింది. ఇంట్లో అంట్లు, కాలేజీలో ఎముకలు. ఎక్కడికెళ్లినా కడిగే పని మాత్రం ఆమె కోసం కాచుకునే ఉంటుంది.

కుంకుడురసంతో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఒక్కోదాన్నీ కొలిచి రాసుకుంది. కాలి ఎముక చివర, చీలమండ దగ్గర, నున్నటి చిన్న గుంట కనబడింది. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చున్నవాళ్లకి పడే గుంట అది అని లైబ్రరీ పుస్తకంలో ఉంది. ఆ సాయంత్రం పొయ్యి ముందు గొంతుక్కూర్చుంటే కృపావతి చీలమండ టక్కుమంది. పక్కన ఇంకెవరో కూడా కూర్చున్నట్టనిపించి, తిరిగి చూడ్డానికి భయపడింది.

“శవాలు ముట్టుకున్న చేత్తో అన్నం వండుతున్నావు, స్నానమన్నా చేసేవా?” అంది వెనకనుంచి అత్తగారు.

మర్నాటి నుంచీ ఒక వింత. ఎడమ ముంజేతి ఎముకని పెట్టె అడుగున పెట్టి తాళం వేస్తే, పొద్దున్నకి అన్నిటికన్నా పైన ఉండేది. తాళంచెవి చూస్తే ఆమె కొంగుకే ముడివేసి ఉంది. మూడోరోజు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. మధ్యలో చెరుకు కణుపులా బుడిపె. ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది. తన ఎడమ చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. తన బుడిపె కూడా సరిగ్గా అక్కడే. చల్లగా ఉండాల్సిన ఎముక గోరువెచ్చగా తగిలింది. కృపావతికి ఏడుపొచ్చింది.

“కాలు జారి పడి ఉంటుంది. అదే రాసెయ్యమ్మా” అన్నారు మాస్టారు, ఆ బుడిపె చూసి.

ఆ మాట ఆమెకి కొత్త కాదు. కిందటేడు చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తూ అత్తగారు నేర్పింది అదే. “నూతిగట్టు మీద కాలు జారిందని చెప్పు. ఇంటి గుట్టు వీధిలో పెట్టకు.” డాక్టరు అడిగితే ఆమె నోరు తెరిచేలోపే భర్త ఆనందరావు అందుకున్నాడు. “జారిందండీ. చూసుకుని నడవదండీ.” కూరలో ఉప్పెక్కువైందని గొడుగు కర్ర ఎత్తినవాడూ అతనే.

“పడితే అరచెయ్యి ఆనుతుందండీ, మణికట్టు దగ్గర విరుగుతుంది” అంది కృపావతి. “ఇక్కడ విరిగిందంటే, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుందండీ.”

“ఏ పుస్తకంలో ఉందమ్మా?”

“పుస్తకం చూసి రాయొద్దన్నారు కదండీ.”

మాస్టారు ఆమె చేతికేసి చూసి, చూపు తిప్పుకున్నారు. “యూనివర్సిటీ వాళ్లు ఇంట్లోవాళ్లని కూడా పిలిచి అందరి ముందూ చదివిస్తారు. మీ ఆయన కూడా వస్తారు. ఆలోచించుకో.”

“ఆయ్, రావాలండీ” అంది.

నివేదిక చివర ‘పోల్చి చూసిన రెండో నమూనా’ అని ఒక గడి ఉంది. ఎవరూ నింపని గడి అది. కృపావతి నింపింది.

“కృపావతి, ఎడమ ముంజెయ్యి. వయసు ఇరవై రెండు. విరగడానికి కారణం, గొడుగు కర్ర. నమూనా బతికే ఉంది.”