దసరా నాడు పోయిన నలభై రెండు పాటలు

ఫోల్డర్ దానంతట అది పోదు. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. టికెట్ తీసుకోనివాడు కండక్టర్ని చూడగానే కిటికీలోంచి బయటికి ఎలా చూస్తాడో నాకు తెలుసు. దసరా పూట మా ఇంట్లో కంప్యూటర్‌లోంచి నా భార్య పాటలు మాయమయ్యాయని నేను అరిచినప్పుడు, మా కోడలు దీపిక అచ్చం అలాగే కిటికీలోంచి బయటికి చూసింది.

అవి మామూలు పాటలు కావు. రెండేళ్ల కిందట బాలలక్ష్మి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ మాట మాత్రం ఇక రాదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు వారం రోజులు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, వచ్చిన పాటలన్నీ పాడించి ఫోన్‌లో ఎక్కించుకున్నాను. బతుకమ్మవి, నాట్లవి, పిల్లల్ని నిద్రపుచ్చేవి, మొత్తం నలభై రెండు. కరీంనగర్‌లో మా వాడకట్టు ఆడవాళ్లంతా ఆ గొంతు వెనకే బతుకమ్మ ఆడేవారు. ఫోన్ నిండిపోయిందని పాటలన్నీ కంప్యూటర్‌లో వేసి, ఫోన్‌లోవి తీసేశాను. మస్కట్‌లో ఉన్న మా కొడుకు సాగర్‌కు ఓసారి పంపుదాం పంపుదాం అనుకుంటూనే ఉండిపోయాను. నా అంత మొద్దు ఇంకొకడుండడు.

ఇప్పుడామె మెడకు రంధ్రం, దానికి అడ్డంగా తెల్లటి గుడ్డ, చేతిలో నోటుబుక్కు. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చుని తన పాట తనే వింటుంది. పండుగ పొద్దున కూడా నేనే ఒక పాట పెట్టి వినిపించి, ఆపేసి, ఆయుధ పూజకని కంప్యూటర్‌ను శుభ్రంగా తుడిచి బొట్లు పెట్టాను. మధ్యాహ్నం చూస్తే ఫోల్డర్ లేదు.

"నువ్వు తీసేసినవా?" అని దీపికను సూటిగానే అడిగాను.

"నేనెందుకు తీస్త మామా? నేను ముట్టనే ముట్టలే."

ఎందుకు తీస్తుందా? ఆ కంప్యూటర్ మీదే ఆమె ఒక బడికి ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇస్తుంది. మధ్యాహ్నమంతా పాటలకే పోతే ఆమె పని ఎప్పుడు కావాలి? పోయిన నెలలో "అత్తమ్మా, రోజు గవే ఇనుకుంట ఏడ్వకు, పానం ఖరాబైతది" అని ఆమె అనడం నేను నా చెవులతో విన్నాను. ఎంత ప్రేమ!

బాలలక్ష్మి నోటుబుక్కులో "పిల్ల కాదు" అని రాసి నా ముఖం ముందు పెట్టింది. కోడల్ని వెనకేసుకొస్తోందని ఇంకా మండింది నాకు. మరెవరని అడిగితే "పోనియ్యి" అని రాసి పుస్తకం మూసేసింది. పోనివ్వడానికి అవేమన్నా గుడి దగ్గర పోయిన చెప్పులా?

కంప్యూటర్లు బాగుచేసే ముకర్రంకు ఫోన్ చేశాను. అక్కయ్య ఇంటికని ఆదిలాబాద్ పోయాడట.

"పరేషాన్ గాకు కాకా. తీసేసినా గవి ఎంబడే పోవు. నీ బస్సు లెక్కనే అనుకో. ఈ సీటు ఖాళీ అని రాసుకున్నరు గని మనిషి ఇంక ఆడ్నే కూసున్నడు. కొత్తోడు ఎక్కి గా సీట్ల కూసున్నడంటే ఇగ పాతోడు దొర్కడు. నేను ఆదివారం వస్త. గప్పటిదాంక దాన్ల కొత్తది ఏది ఎక్కనియ్యకు. ఎవ్వర్ని ముట్టనియ్యకు."

నా బుర్రకు ఎక్కింది ఆ ఆఖరి మాటే. అంటే పాటలు ఇంకా లోపలే ఉన్నాయి, తీసినవాళ్లకు ఆ సంగతి తెలిస్తే మళ్లీ చేయి పెడతారు. గురువారం నుంచి ఆదివారం దాకా కాపలా ఎవరు కాయాలి? సాగర్‌తో మాట్లాడటానికి కంప్యూటర్‌కు తగిలించిన చిన్న క్యామెరా ఉంది. ఎర్ర గుండీ నొక్కితే ఆపేదాకా బొమ్మ పడుతూనే ఉంటుందని దీపికే నాకు ఒకసారి నేర్పింది. గుండీ నొక్కి, క్యామెరా దీపం కనిపించకుండా బాలలక్ష్మి బొట్టుబిళ్ళ ఒకటి అతికించి, తెర మాత్రం ఆర్పేశాను. ఎవరు ముట్టుకున్నా దొరుకుతారు. ఆ మూడు రోజులూ దీపిక వడ్డించిన అన్నం తల ఎత్తకుండా తిన్నాను. ఆమె వంటింట్లో కళ్లు తుడుచుకుంటుంటే, నటన అనుకున్నాను.

ఆదివారం ముకర్రం వచ్చి తెర వెలిగించాడు. చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"కాకా, గిదేంది? డబ్బ మొత్తం నిండిపోయింది. మూడు దినాలు వీడియో నడిపిచ్చినవా దీన్ల?"

"దొంగను పట్టనీకి పెట్టిన. కంప్యూటర్లకు నేనేం ఎక్కియ్యలే, క్యామెరా పెట్టిన గంతే."

"గా క్యామెరా ఏడ రాస్తది కాకా? దీన్లనే గద! పాటలున్న జాగల మీదికెల్లి మొత్తం రాసేసింది."

రెండు గంటలు కుస్తీ పట్టాడు. పాటల పేర్లు మూడు వచ్చాయి. నొక్కితే చప్పుడు లేదు. అయినా బుద్ధి మారలేదు, చూపించు ఎవరు ముట్టారో అన్నాను. వీడియో వేశాడు. దీపిక మూడు రోజుల్లో ఒక్కసారైనా ఆ కుర్చీ దగ్గరికి రాలేదు. వచ్చింది బాలలక్ష్మి. మూడు మధ్యాహ్నాలూ వచ్చింది. ఆరిన తెర ముందు కూర్చుని, మెడ మీద గుడ్డ పట్టుకుని, పెదాలు కదుపుతూ పాడుతోంది. పాట అయిపోగానే మళ్లీ మొదలుపెడుతోంది. ఇంత గొంతు కూడా లేదు. ఆ వీడియోనే ఆమె గొంతును తినేసింది.

ముకర్రం ఇంకేదో తెరిచి చూశాడు. "ఫోల్డర్ పోయింది దసరా పొద్దుగాల, ఏడు దాటినంక పన్నెండు నిమిషాలకు. గప్పుడు ఎవరున్నరు దీని ముంగట?"

అతను మీటల మధ్య ఎండిపోయిన కుంకుమ వైపు చూశాడు.

"నడుస్తున్నప్పుడే తడిబట్టతోని తుడిసినవా కాకా? రెండు మీటలు ఒక్కసారి ఒత్తుకుంటే తియ్యాల్నా అని అడుగుతది. అవునని చెప్పే మీట గూడ తుడిసినట్టున్నవ్."

వెనక్కి తిరిగి చూస్తే బాలలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. దొంగను పట్టుకున్నట్టు కాదు, పట్టుబడ్డట్టు ఉంది ఆమె ముఖం. "నీకెర్కనా?" అన్నాను.

నోటుబుక్కు తీసి నిలబడే రాసింది. చాలాసేపు రాసింది.

"తియ్యాల్నా అని తెర మీద డబ్బ వచ్చింది, నేను చూసిన. ఆగు అందామంటే గొంతు లేకపాయె. సప్పట్లు కొట్టిన. నువ్వు ఎనుకకు తిరగకుండనే, వస్తున్న, గింత తొందరేంది అని కసిరినవ్."