బాసరలో తేలిన డేటాబేస్

సుదర్శన్‌రావు సారు కింద పీహెచ్‌డీ అంటే సగం చదువు, సగం భజన. లక్ష్మీరాజానికి భజన చేతకాదు. అందుకే నాలుగేళ్లయినా మొదటి అధ్యాయం దాటలేదు.

అతని అంశం జమ్మికుంట జిన్నింగ్ మిల్లుల్లో కూలీల దగ్గు. తల్లి కనకవ్వ పదిహేనేళ్లుగా అక్కడే పత్తి ఎత్తుతోంది. ఆదివారం సెలవు గడిచి సోమవారం పనిలోకి దిగిందంటే ఛాతీ పట్టేస్తుంది. మిల్లు డాక్టరుకు చెబితే నవ్వి, బీడీలు మానెయ్యమన్నాడు. ఆవిడ జన్మలో బీడీ ముట్టలేదు. ఆ నవ్వు కొడుకు గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

1993లో హైదరాబాదు లైబ్రరీలో ప్రపంచంలోని పరిశోధన వ్యాసాలను కంప్యూటర్‌లో వెతికే సౌకర్యం వచ్చింది. వైద్యానికొకటి, వ్యవసాయానికొకటి, ఇలా ఏ శాస్త్రం డేటాబేస్ దానిదే. వాళ్ల కరీంనగర్ కాలేజీ మాత్రం ఒక్కొక్కరికి ఒక్క డేటాబేస్‌కే అనుమతి ఉత్తరం ఇస్తుంది. ఆ ఉత్తరం మీద సారు సంతకం ఉండాలి.

"రోగం గదా సార్, వైద్యందాంట్ల ఎతుకుత."

"పత్తి ఎవుసం గాదా? జర సోంచాయించు," అన్నాడు సారు. ఇరవై ఏళ్ల కింద చదివిన మూడు పుస్తకాలతో ఇంకా నెట్టుకొస్తున్న మనిషి. "గీ పంచాయితెందుకు, బాసర పోయి సరస్వతమ్మనే అడుగుదం."

గుడి మెట్ల మీద కూర్చుని లక్ష్మీరాజం రెండు చీటీలు రాశాడు. అమ్మవారి ముందు సారు కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. వైద్యం.

"అమ్మ జెప్పినంక నేనెవన్ని," అని సారు లెంపలేసుకున్నాడు. "రెండోది గూడ ఇటియ్యి, ఇంట్ల దేవుని కాడ పెడ్త."

లక్ష్మీరాజం దాన్ని అప్పటికే ప్రసాదంతో కలిపి మింగేశాడు. దాని మీదా వైద్యమనే రాసి ఉంది మరి.

"గాలికి కొట్టుకపోయింది సార్."

అప్పటి నుంచి సారు శిష్యులందరూ డేటాబేస్ కోసం బాసర బస్సెక్కుతున్నారు.

హైదరాబాదులో ముప్పై ఎనిమిది వ్యాసాలు దొరికాయి. ఎక్కడో ఇంగ్లండు మిల్లు కూలీల మీద రాసినదాన్ని అతను ఇంటికొచ్చి తల్లికి తెలుగులో చదివి వినిపించాడు.

"సోమారం ఛాతి పట్టుడు గూడ రాసిన్రా?"

"రాసిన్రవ్వా. నేను పుట్టకముందే."

కనకవ్వ లేచి చీర కొంగు సర్దుకుంది.

"గా కాయితం పట్టుకో, డాక్టర్ కాడికి పోదం. నేను జెప్తే నవ్విండు గద, ఇప్పుడు నవ్వుమను."