మొక్కు జుట్టు

లచ్చమ్మ మా పైగది అద్దెకు అడగడానికి వచ్చిన రోజు నేను మొదట చూసింది ఆమె మొహం కాదు, జడ. పదహారేళ్లుగా అమీర్‌పేటలో బ్యూటీపార్లర్ నడుపుతున్నదాన్ని, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. మోకాళ్ల దాకా వేలాడే జడ, పిడికిట్లో పట్టనంత లావు. సవరమేమో అనుకున్నాను. కాదు, అంతా ఆమె సొంతమే.

"నీళ్లు మంచియేనా అక్కా?" అని అడిగింది.

"మంజీర నీళ్లే. ఎప్పుడు తిప్పినా వస్తయ్," అన్నాను.

పచ్చి అబద్ధం. పైపుల్లో వదిలే మంజీర నది నీళ్లు మా గల్లీకి రోజు విడిచి రోజు ఒక్క గంట వస్తాయి. వాటిని డ్రమ్ముల్లో పట్టి, పార్లర్‌లో తలలు కడగడానికి దాచుకుంటాను. పైగదికి ఎక్కేవన్నీ బోరు నీళ్లు. నల్లా మూతికి తెల్లటి పెచ్చు కట్టేంత ఉప్పు. ఈమెకు ముందు ఇద్దరు కిరాయిదారులు ఆ నీళ్లకు జుట్టు ఊడి, నన్ను నోటికొచ్చినట్టు తిట్టి ఖాళీ చేశారు. మూడోసారి నిజం చెప్పేంత సత్యవంతురాలిని కాను. పైగా జుట్టు బాగుచేస్తానని బోర్డు పెట్టుకున్నదాని ఇంటి నీళ్లే జుట్టును తింటున్నాయంటే, గల్లీలో నా మెట్లు ఎవరెక్కుతారు?

లచ్చమ్మ భర్త సారయ్య సినిమా సెట్లు కట్టే వడ్రంగి. కృష్ణానగర్‌లో ఉండేవాళ్లు. సెట్టు విప్పుతుంటే మేకు పాదంలో దిగింది. షుగర్ ఉన్న మనిషి, అయినా లెక్క చేయలేదు. పుండు ముదిరి పంజాగుట్టలో ఆస్పత్రి పాలయ్యాడు. రోజూ నడిచి పోయి రావచ్చని ఆమె నా గదికి మారింది.

దిగిన మొదటి రోజే మొక్కు సంగతి చెప్పింది.

"మా ఆయన మంచిగై ఇంటికొస్తే నా జుట్టంత యాదగిరిగుట్ట నర్సింహస్వామికే అక్కా. గప్పటిదాంక కత్తెర తగలనియ్య."

అది ఉత్త మాట కాదు. రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, తడిజుట్టుతో దీపం పెట్టి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరేది.

నెల తిరక్కముందే జుట్టు పీచులా తయారైంది. మొదట కొసలు చిట్లాయి. తర్వాత దువ్వెన పెడితే చాలు, గుప్పెళ్లు గుప్పెళ్లు ఊడొచ్చేది. దేవుడి సొత్తని ఒక్క వెంట్రుకా పారేయకుండా ప్లాస్టిక్ కవర్లో వేసి దీపం పక్కన పెట్టేది. తన భక్తిలో ఎక్కడో లోపం ఉందనుకుని రెండు పూటలా తలస్నానం మొదలుపెట్టింది. దాంతో ఇంకా ఊడింది. పైన బకెట్ చప్పుడు వినపడకుండా హెయిర్ డ్రయ్యర్ ఆన్ చేసుకునేదాన్ని. "కొబ్బరినూనె పట్టియ్యి, వారానికి రెండుసార్లే పోసుకో," అని సలహాలు మాత్రం ఇచ్చాను. "మొక్కుల ఉన్నప్పుడు గట్ల కుదరదక్కా," అనేది. నీళ్ల సంగతి ఒక్కటే నా నోట్లోంచి రాలేదు.

రెండో నెలలో ఒక శనివారం డాక్టరు ఆమెను పిలిచి, రెండు కాలివేళ్లు తీసేయాలని, ఆలస్యమైతే కుళ్లు పైకి పాకుతుందని చెప్పాడు. సారయ్య జ్వరంతో సోయి లేకుండా ఉన్నాడు. సంతకం పెట్టాల్సింది ఈమె. పెట్టకుండా ఇంటికొచ్చేసింది.

"నీకేమన్న పిచ్చా లచ్చమ్మా? ఎందుకు పెట్టలే?" అని కసిరాను.

ఆమె పైకి పోయి కవరు తెచ్చి నా ముందు పెట్టింది. దాని నిండా జుట్టే.

"స్వామి తీస్కోనంటుండక్కా. ఇస్త అన్నదాన్ని ఆయననే రాలగొడుతుండు. గిప్పుడు ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే మా ఆయన మళ్ల దిగడు. నేను పెట్ట."

అక్కడికక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. రేపు తనే పెడుతుందిలే అనుకున్నాను. ఆదివారం పెళ్లికూతురి ముస్తాబు పని ఉందని సర్దుకున్నాను. సోమవారం ఆమె మొహం చూడలేక పార్లర్ తలుపు వేసుకుని కూర్చున్నాను. మంగళవారం మధ్యాహ్నం ఆమె ఆస్పత్రి నుంచి వచ్చి మెట్ల మీద కూలబడింది.

"పాదమంత నల్లగైతుందట అక్కా," అంది.

ఇక ఆగలేకపోయాను. ఆమె నల్లా కింద ఒక బకెట్, నా డ్రమ్ములోంచి ఒక బకెట్ నింపి పక్కపక్కన పెట్టాను. సబ్బు చేతికిచ్చి రుద్దమన్నాను. డ్రమ్ము నీళ్లలో నురగ మోచేతుల దాకా పొంగింది. నల్లా నీళ్లలో సబ్బు విరిగి తెట్టు కట్టింది.

"నీ నల్లాల వచ్చేది బోరు నీళ్లు లచ్చమ్మా. నీ జుట్టు రాలగొట్టింది గీ నీళ్లు, దేవుడు కాదు. ఎంత పోసుకుంటే అంత రాలింది."

ఆమె నమ్మలేదు. మళ్లీ రుద్దింది, బకెట్లు మార్చి రుద్దింది. చివరికి సబ్బు పడేసి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది.

"అంటే స్వామికి నా మీద కోపం లేదా?"

"లేదు. పో, సంతకం పెట్టు."

లేచి రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూసింది.

"గిన్ని దినాలు నీకు సుత తెల్వదా అక్కా?"

ఆ చూపులో అనుమానం లేదు. ఉట్టిగానే అడిగింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్లీ రాదు.

"తెల్వదు. గియ్యాల్నే తెల్సింది," అన్నాను.

ఆ సాయంత్రమే సంతకం పెట్టింది. బుధవారం ఆపరేషన్ చేశారు. మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. శనివారమే ఒప్పుకుని ఉంటే వేళ్లతో పోయేదని డాక్టరు మెల్లగా అన్నాడు. లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే తీపిచ్చిన, నేనే ఆయన కాలు తీపిచ్చిన," అని గోడకు తల కొట్టుకుంటుంటే పట్టుకుని ఆపింది నేనే.

మూడో రోజు సారయ్య కళ్లు తెరిచి మాట్లాడుతున్నాడని విని పండ్లు తీసుకుని వెళ్లాను. పాడు మొహం పెట్టుకుని వెళ్లకుండా ఉండాల్సింది. లచ్చమ్మ నన్ను చూడగానే చేయి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కుపోయింది.

"గీ అక్కనే. గీమె చెప్తెనే సంతకం పెట్టిన. లేకుంటే నువ్వు దక్కకపోతుంటివి. దండం పెట్టు."

సారయ్య సెలైన్ సూది ఉన్న చేతిని కష్టంగా లేపి, రెండో చేతితో కలిపి, నాకు దండం పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకు. పక్క మంచాలవాళ్లు నన్ను గౌరవంగా చూశారు.

నేను ఆ దండం తీసుకున్నాను.