మామ దవడలో అడ్డం పడుకున్న పన్ను

చూలై పేటలో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే మునిరత్నానికి కుడి దవడ వాచింది. నోరు సగమే తెరుచుకుంటోంది. ఇడ్లీ కూడా తుంచి తుంచి లోపలికి తోసుకోవాల్సి వస్తోంది.

"మన హైమ పళ్ల డాక్టరే కదా, దానికి చూపించరాదా?" అంది భార్య కోకిల.

హైమ ఆయన అక్క కూతురు. నోటి సర్జరీలో పైచదువు ముగించి ఈమధ్యే పనిలో చేరింది.

"దాన్ని భుజాన మోసుకుని తిరిగినోణ్ణి. దాని చేతికి నా నోరప్పగించేదా? వద్దులే."

ఎవరికీ తెలియకుండా దూరంగా షోళింగనల్లూరులో ఒక క్లినిక్ వెతుక్కున్నాడు. అక్కడి డాక్టర్ ఆనందన్ ఎక్స్‌రే తీసి, మాత్రలిచ్చి, "ముందు వాపు తగ్గాలి. శనివారం సర్జన్ వచ్చి పన్ను తీస్తారు" అన్నాడు.

శనివారం మునిరత్నం కుర్చీలో వాలి, గట్టిగా కళ్లు మూసుకుని నోరు తెరిచాడు. ఎవరో లోపల అద్దం పెట్టారు.

"మామా! నువ్వేంది ఈడ?"

మాస్కు పైన హైమ కళ్లు! లేచిపోదామంటే నోట్లో అద్దం. "ఆ... ఆ..." అన్నాడు.

హైమ నవ్వాపుకుని అద్దం తీసేసి, ఎక్స్‌రే చూపించింది. "ఇదిగో, జ్ఞానదంతం. మిగతావన్నీ నిలబడుంటే ఇది అడ్డంగా పడుకోనుంది. పైకొచ్చేదానికి చోటు లేక ముందు పన్నును తోస్తా ఉంది. చిగురు కింద మెతుకులు ఇరుక్కొని వాపొచ్చింది."

"ఇన్నేళ్లూ ఊరికే ఉన్నిందే?"

"కొందరికి జన్మంతా ఊరికే ఉంటుంది. నీది తగువు పెట్టుకునింది, తియ్యాల్సిందే. మత్తు సూది వేస్తా. నొక్కినట్టుంటుంది, నొప్పుండదు. నేను తియ్యొద్దనుకుంటే వేరే సర్జన్‌ని పిలిపిస్తా మామా, నాకేం కోపం రాదు."

మునిరత్నం ఆమె చేతులు చూశాడు. అవి నిమ్మళంగా ఉన్నాయి.

"నువ్వే తియ్యి పాపా."

సూది చురుక్కుమంది. కాసేపటికి పెదవి ఎవరిదో అన్నట్టయింది. పన్నును రెండు ముక్కలు చేసేటప్పుడు డ్రిల్లు గుయ్యిమంటుంటే, "అయిపోవచ్చింది మామా, ముక్కుతో గాలి పీల్చు" అంటూనే ఉంది హైమ. కుట్లు వేసి, గాజుగుడ్డ పెట్టి, పళ్లు బిగించమంది.

తన కారులోనే ఇంటికి తీసుకొచ్చింది. "అత్తా, ఈ రోజు చల్లగా మెత్తగా ఏదన్నా పెట్టు. ఉమ్మనియ్యొద్దు. ఎక్కువ మాట్లాడనియ్యొద్దు."

కోకిల మొహం వెలిగిపోయింది. "మాట్లాడకూడదా!" అని కుర్చీ లాక్కుని భర్తకు ఎదురుగా కూర్చుంది. "అయితే వినండి. మొన్న మా తమ్ముడింటి గృహప్రవేశానికి..."

మునిరత్నం దీనంగా హైమ వైపు చూశాడు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.