రాణి మెడలోని బిళ్ల

పెళ్లయి నలభై రోజులైంది. చరిత్రలో బి.ఏ. పట్టాతోపాటు పట్టరాని ఉత్సాహాన్నీ వెంటేసుకుని బొగ్గుగనుల ఊరు గోదావరిఖనికి కాపురానికొచ్చింది అనసూర్య. వచ్చి ఊరుకుందా? కాలనీలో ఖాళీగా ఉన్న గది అడిగి ‘మన బస్తీ మ్యూజియం’ తెరిచింది. శుక్రవారం దాకా చూస్తామనీ, జనం రాకపోతే క్యారమ్ బోర్డు వేసుకుంటామనీ కాలనీ సంఘం వాళ్లు ముందే చెప్పారు.

గురువారానికి అందులో ఉన్నవి ఒక విరిగిన తట్ట, ఒక తిరగలి. చూడవచ్చినవి ఈగలు.

ఆ సాయంత్రం మొగుడి చొక్కా ఉతకబోతే జేబులో చిల్లున్న ఇత్తడి బిళ్ల దొరికింది. మీద అరిగిపోయిన గీతలు. చదువుకున్న కళ్లు కదా, ఇట్టే పోల్చుకున్నాయి! చింతపండుతో తోమి, మ్యూజియం గోడకు మేకు కొట్టి తగిలించి, కింద అట్టముక్క మీద గుండ్రంగా రాసింది: “కాకతీయుల కాలపు నాణెం. చిల్లును బట్టి రాణి మెడలో ధరించినట్లు తెలుస్తోంది.” రేపు డ్యూటీ దిగొచ్చాక మొగుడికి చూపించి మురిపించాలనుకుంది.

తెల్లారి మొదటి షిఫ్టుకు పోయిన మొగుడు నర్సింగం కాసేపటికే పరుగున తిరిగొచ్చాడు. ఏమైందోనని, రాత్రి షిఫ్టు దిగినవాళ్లు పదిమంది వెంటొచ్చారు.

“అనసూర్యా, నా నంబరు బిళ్ల చూసినవా? అదిస్తెనే దీపాల గదిల బద్రుద్దీన్ భాయి దీపమిస్తడు. దీపం లేకుంటె బొగ్గుబాయిలకు దిగనియ్యరు. జల్ది!”

ఆమె మ్యూజియం వైపు వేలు చూపింది.

అందరితోపాటు లోపలికెళ్లిన పక్కింటి మొగిలి కాక అట్టముక్కను బిగ్గరగా చదివాడు. “ఓరి నర్సింగం! నువ్వు రాణివని ఒక్కనాడన్న చెప్పకపోతివి గదరా!”

ఆ నవ్వులకు కాలనీ అంతా గదిలోకి వచ్చిపడింది. నర్సింగం బిళ్ల లాక్కుని ఉరుకుతూనే వెనక్కి తిరిగి, “మంచిగ తోమినవు పిల్లా!” అన్నాడు. సిగ్గుతో చితికిపోతూ కూడా ఆ మాటకు లోలోపల పొంగిపోయింది, ఏం మనిషో!

నర్సింగానికి దీపం దొరికింది. క్యారమ్ బోర్డుకు మాత్రం చోటు దొరకలేదు. మధ్యాహ్నం దాకా రాణిగారి మేకును చూడ్డానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు.

అందరూ పోయాక కాలనీ చివరింటి సమ్మవ్వ వచ్చి కొంగుముడి విప్పింది. నల్లబడిన బిళ్ల.

“మా ముసలాయనది. కొత్త బిళ్లలు ఇచ్చిన్నాడు దీన్ని దాసుకున్నడు. ఆయన పోయిండు, దీనికింక డ్యూటీ లేదు. గా మేకుకు పెట్టు బిడ్డా. రాణి గీణి అని రాయకు. ఆగయ్య అని రాయి.”

అనసూర్య చింతపండు జోలికి పోలేదు. చదువుకున్న కళ్లను కాసేపు పక్కనబెట్టి, అవ్వను అడిగి అడిగి రాసింది.