గానుగ పొట్టు

శౌరయ్య గుణదలలోని ఇంట్లో పొద్దున్నే టీ తాగి, మిషను రంపానికి నూనె పట్టి పనికి బయల్దేరేవాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. అనుమతి ఉన్న చెట్లు కొట్టడం, కొమ్మల్ని మిషన్లో వేసి పొట్టు చేయడం, ఆ పొట్టుని ట్రాక్టర్లో కంపోస్టు యార్డుకి చేర్చి రసీదు తెచ్చుకోవడం. ఒక్కసారే తప్పాడు. పోయిన శనివారం అతను చేరేసరికి యార్డు గేటు మూసేశారు. అద్దె ట్రాక్టరు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేయాలి. పటమటలో కాలువ గట్టు మీద పొట్టు దింపేసి, సోమవారం వచ్చి ఎత్తుకెళ్దాం లెమ్మనుకున్నాడు.

ఆదివారం కుండపోత వాన పడింది.

సోమవారం ఎనిమిదింటికే శానిటరీ ఇన్‌స్పెక్టరు హేమ ఫోన్ చేసింది. "శౌరయ్య గారూ, తూముకి చెక్కపొట్టు అడ్డుపడి ఇళ్లలోకి నీళ్లొచ్చాయండి. ఏ చెట్టుదో తేల్చాలి. కాస్త రండి."

అతను వెళ్లేసరికి హేమ పక్కన దీవెన నిలబడి ఉంది. తూము పక్కింట్లో బట్టలు కుట్టే అమ్మాయి. మోకాళ్ల దాకా బురద. పెళ్లివాళ్లవి పద్నాలుగు జాకెట్లు నీళ్లలో నానిపోయాయని చెబుతోంది.

హేమ బకెట్ నీళ్లలో గుప్పెడు పొట్టు వేసింది. ఏ చెట్టు పొట్టయినా నీళ్లలో వేస్తే తన మోడు ఎటుంటే అటే జరుగుతుంది. ముక్కలు ఒక్కొక్కటే కదిలి తూర్పు అంచుకి చేరాయి.

"బకెట్ మీరు పట్టుకోండి," అంది హేమ. "మీ చెయ్యి వణకదు."

శౌరయ్య పట్టుకుని ముందు నడిచాడు. రెండు మలుపులు తిరిగితే పద్మావతమ్మ గారి ఇల్లు. అక్కడ శనివారం అతను కొట్టిన గానుగ చెట్టు మోడు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మొదటి మలుపులో పొట్టు ఎడమకి జరిగింది.

"ఎవరో తెలిస్తే చాలు మేడమ్," వెనక నుంచి దీవెన గొంతు. "మా ఇంట్లోకి తీసుకెళ్లి చూపిస్తా."

కాలు జారినట్టు పడితే నీళ్లు ఒలికిపోతాయి. కానీ తూము దగ్గర ఇంకా బోలెడు పొట్టుంది. బకెట్ పిడి వేళ్లలోకి దిగుతోంది. రెండో మలుపు తిరిగాక ముక్కలు అంచుని టకటకా కొట్టసాగాయి. పద్మావతమ్మ గేటు ముందు ఊడుస్తూ అతన్ని చూసి పలకరింపుగా నవ్వింది.

శౌరయ్య బకెట్ కింద పెట్టాడు.

"ఇంక నడవక్కర్లేదు మేడమ్. ఇది నేను కొట్టిన గానుగ. గట్టు మీద పొట్టు దింపింది నేనే."

హేమ కలం తీసింది. "ఆ గేటు దాకా వెళ్లి తేలి ఉంటే లైసెన్సు తీసేసేదాన్నండీ," అని పుస్తకంలో 'స్వయంగా ఒప్పుకున్నాడు' అని రాసింది. "మూడు నెలలు రంపం ముట్టుకోవద్దు. తూము మీరే బాగుచేయాలి. పొట్టంతా యార్డుకి చేర్చి రసీదు నాకు చూపించాలి."

అతను తలూపాడు. దీవెన వైపు చూడలేకపోయాడు.

"పార మా ఇంట్లో ఉంది. రండి బాబాయ్," అని ఆమె వెనక్కి తిరిగింది.

గుమ్మం దగ్గర శౌరయ్య చెప్పులు విప్పబోయాడు.

"ఉండనివ్వండి," అంది దీవెన. "బురదలో సూదులున్నాయి."