ఒంటికన్ను జీపు

కోటేషు జీపు ఎప్పటిదని అడిగితే కోటేషే మాట మార్చేస్తాడు. దాని వయసు దాని కాగితాలకే తెలియాలి. పొద్దున్నే నలుగురు తోస్తే గానీ స్టార్టు కాదు. ఒకసారి స్టార్టయ్యిందంటే భద్రాచలం చేరేదాకా ఇంజను ఆపే ధైర్యం ఎవరికీ లేదు. బంపరు మీద రెండు పసుపు ఫాగ్‌లైట్లు ఉండేవి. ఎడమది పోయి నాలుగేళ్లయింది. కుడిది ఒక్కటే వెలుగుతుంటే అడవిలో గుంపులనే చిన్న పల్లెల వాళ్లు దానికి ఒంటికన్ను జీపని పేరు పెట్టేశారు. ఆ పేరు వింటే కోటేషుకు ఒళ్లు మండేది. "ఈసారి బాగు చేపిస్త, చూడుర్రి" అని ప్రతి చలికాలం అనేవాడు. అనడమే.

మంగళవారం, శుక్రవారం ఆ జీపు అడవి దారి పట్టి భద్రాచలం పోతుంది. మిగతా రోజులు పాల్వంచలో కంపెనీ కాలనీల కిరాయిలు. ఆ దారిలో బస్సు లేదు, ఫోనుకు సిగ్నలు లేదు. తెల్లవారుజామున మంచులో ఒక్క పసుపు చుక్క కనబడితే చాలు, జనం సంచులు పట్టుకుని చెట్లలోంచి రోడ్డెక్కేవారు.

రేగుచెట్ల గుంపు కొండమ్మ ఆ రెండు రోజులూ తప్పకుండా ఎక్కేది. ఆమె కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు దవాఖానాలో డయాలసిస్. ఒక్క వంతు తప్పినా ఒంటికి నీరు పట్టి ఊపిరాడదు. అంటే ఆమె ప్రాణం ఆ ముసలి జీపు మీద ఉందన్నమాట. ఈ సంగతి తలుచుకుంటే కోటేషుకు అప్పుడప్పుడు భయం వేసేది.

మొగుడు దస్రు ఆమెను చెయ్యి పట్టుకుని తునికాకు కల్లం దాకా నడిపించుకొచ్చి, అక్కడ జీపెక్కించి తనూ వెంట వెళ్లేవాడు. ఎండాకాలంలో ఆకు కట్టలు ఆరబెట్టే ఆ ఖాళీ జాగా రోడ్డు పక్కనే ఉంటుంది, వెనకంతా టేకు చెట్లే. దస్రు ముందే రోడ్డు మీదికి వచ్చేవాడు కాదు. పోయినేడు పోడు భూమి గురించి అడగాలంటూ ఫారెస్టు ఆఫీసోళ్లు ఆయన్ని తమ జీపులో ఎక్కించుకుపోయి మూడు రోజులు ఉంచుకున్నారు. అప్పటినుంచి ఏ బండో తెలిసేదాకా చెట్టు చాటునే ఉండేవాడు.

ఈ పుష్యమాసం మంచు మరీ అన్యాయంగా కురిసింది. ఒక శుక్రవారం పొద్దున, కల్లం దాటాక, రోడ్డు అంచు కనపడక కోటేషు ఎడమ చక్రాన్ని కల్వర్టు పక్క గుంతలోకి దింపేశాడు. కొండమ్మ తల జీపు రాడ్డుకు కొట్టుకుంది. కోటేషు గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు.

ఆమె నుదురు రుద్దుకుంటూ నవ్వింది. "మిషన్ మీద పోత అనుకున్న తమ్మీ. నీ జీపులనే పోయేటట్టున్న."

తిరుగుదారిలో కల్లం దగ్గర దించాడు. దస్రు సంచి తీసుకుని ముందు నడిచాడు. కొండమ్మ మాత్రం జీపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంగ నేను రాను తమ్మీ. ఎన్నిసార్లు కడిగినా గంతే. మీ బావను గోస పెట్టుడు తప్ప ఏమున్నది?"

"గట్లనకు అక్కా. మంగళారం వస్త. లైటు బాగు చేపిచ్చుకొనే వస్త."

"నాలుగేండ్ల సంది చేపిస్తనే ఉన్నవు" అని నవ్వి, మెల్లగా నడిచి వెళ్లిపోయింది.

ఈసారి కోటేషుకు నిజంగా సిగ్గేసింది. సోమవారం పొద్దున్నే పాల్వంచలో బసవపున్నయ్య కొట్టు ముందు జీపు ఆపాడు. బసవపున్నయ్య పాత బండ్లకు కరెంటు పని చేస్తాడు. మధిర అవతల నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మారలేదు, తిట్టే అలవాటూ పోలేదు.

"ఏంట్రా ఇది, లైటా? ఎలుకల కాపురమా?" అంటూ కొరికేసిన వైరు ముక్కలు లాగి పారేశాడు. హోల్డరు తుప్పు పట్టింది. అద్దం వెనక మెరుగంతా నల్లబడింది. అలాంటి గుండ్రటి లైటు ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు. పాత సామాన్ల డబ్బాలన్నీ బోర్లించి, ఏ లారీదో ఒక పసుపు లైటు వెతికి బిగించాడు. కొత్త వైరు లాగాడు. తర్వాత జీపును గోడ ముందు నిలబెట్టి, గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, వెలుగు ఆ గీతకు కిందే పడేట్టు లైటు వంచాడు.

"ఇది నేలను చూడాలిరా. పైకి చూసిందా, మంచే కనపడుద్ది, దారి కనపడదు. ఇంకో మాట. నీ బంపరంతా తుప్పే. ఎర్తు సరిగా అందట్లేదు. గతుకుల్లో పడితే ఆరిపోవచ్చు. దిగి బంపరు మీద చేత్తో ఒకటి చరిచావంటే వెలుగుద్ది."

మంగళవారం మంచులో రెండు లైట్లూ వేసుకుని వస్తుంటే కోటేషుకు పెళ్లికొడుకంత సంబరం. రోడ్డు అంచు, తెల్లరాళ్లు, గుంతలు అన్నీ కనిపిస్తున్నాయి. కొండక్క చూసి ఏమంటుందో అనుకుంటూ కల్లం దగ్గర ఆపాడు.

ఎవరూ రాలేదు.

హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కిటికీలోంచి తల బయటపెట్టి "కొండక్కా!" అని అరిచాడు. ఇంజను మోతలో ఆ అరుపు ఆయనకే సరిగా వినపడలేదు. వెనక సీట్లో పై ఊరి దుర్గ, నిమ్ము చేసిన పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"అన్నా, జల్ది పోనియ్యే. పిల్ల ఎగపోస్తుంది."

పది నిమిషాలు చూశాడు. ఇంగ రానన్న కొండమ్మ మాట గుర్తొచ్చింది. పాపం, నిజంగానే విసిగిపోయిందనుకున్నాడు. దిగి కల్లం వెనక్కి నాలుగడుగులు వేద్దామా అనిపించింది కూడా. ఇంజను ఆగిపోతే తోయడానికి మనుషుల్లేరు, పిల్ల చూస్తే అట్లా ఉంది. గేరు వేశాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు కూడా కల్లం ఖాళీగానే ఉంది. తను అనుకున్నదే నిజమని నమ్మేశాడు. మర్నాడు పాల్వంచ కిరాయిలకు పోయాడు.

శుక్రవారం మళ్లీ మంచు. కల్లానికి ఇంకా రెండు మైళ్లుందనగా జీపు గతుకులో పడి ఎడమ లైటు ఆరిపోయింది. చలికి దిగబుద్ధి కాక, కుడి లైటుతోనే ముక్కుతూ మూలుగుతూ వచ్చాడు. కల్లానికి ఇంకా వంద గజాలుండగానే ఒక మనిషి చెట్లలోంచి పరుగున రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. దస్రు. చేతిలో సంచి లేదు. వెనక కొండమ్మ లేదు.

కోటేషు ఇంజను నడుస్తుండగానే దిగాడు. "అక్కేది బావా?"

"నిన్న పొద్దుగూకంగ పోయింది" అన్నాడు దస్రు. "ఊపిరి అందలే. నీళ్లల్ల మునిగినోళ్ల లెక్క కొట్టుకున్నది. మంచంల ఏసుకొని రోడ్డు మీదికి తెచ్చిన. రెండు పూటలు కూసున్న. ఒక్క బండి రాలే."

కోటేషు దస్రు చెయ్యి పట్టుకున్నాడు.

"మంగళారం ఎందుకు రాలే నువ్వు?" దస్రు చెయ్యి విదిలించుకున్నాడు. "మంచుల ఈడనే ఉన్నం. రెండు లైట్ల జీపొకటి వచ్చి ఆగింది, హారన్ కొట్టింది. ఆఫీసోళ్లే అనుకున్న. వాళ్లదే గదా రెండు పసుపు లైట్లది? మీ అక్కను గుంజుకొని టేకుల లోపలికి ఉరికిన. అది రానన్నది. కోటేషే, లైటు బాగు చేపిస్తనన్నడు, పోదాం అన్నది. నాలుగేండ్ల సంది చెప్తుండు, ఎన్నడు చేపిచ్చిండని నేనే తిట్టిన. నోరు మూసి కూసోబెట్టిన."

కోటేషుకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. వెక్కిరింపనుకున్న పేరు వీళ్లకు ఆనవాలు. ఆఫీసోళ్ల జీపు తనకు తెలియనిదా? తెలిసీ తట్టలేదు. ఆమె కోసం చేయించిన లైటే ఆమెను తరిమేసింది. కానీ ఆ మాట చెబితే? బతికించే బండికి దూరంగా పెళ్లాన్ని చేతులారా లాక్కుపోయానని దస్రు బతికినన్నాళ్లూ కుమిలిపోతాడు. అంతకన్నా కోటేషును తిట్టుకోవడమే నయం.

"నేను రాలే బావా" అన్నాడు తల వంచుకుని. "జీపు చెడిపోయింది. పాల్వంచల పెట్టిన. అది నాది కాదు. తప్పు నాదే, నన్ను కొట్టు."

దస్రు కొట్టలేదు. కోపం పట్టలేక, ఏడుపు ఆపుకోలేక, అరచేత్తో బంపరు మీద గట్టిగా చరిచాడు.

ఎడమ లైటు వెలిగింది.

దస్రు ఉలిక్కిపడి వెనక్కి రెండడుగులు వేశాడు. పసుపు వెలుగులు రెండూ ఆయన మోకాళ్ల మీద పడ్డాయి. ఒకసారి ఈ లైటును చూశాడు, ఒకసారి ఆ లైటును చూశాడు. ఎడమ లైటుకున్న కొత్త వైరు మీద చాలాసేపు చూపు నిలిచింది. కోటేషు గబగబా లోపలికి చెయ్యి పెట్టి స్విచ్చు ఆపేశాడు.

"కోటేషే అన్నది" అన్నాడు దస్రు, మంచులోకి చూస్తూ. "రెండుసార్లు అన్నది."

వెనక్కి తిరిగి, మంగళవారం ఆమెను లాక్కుపోయిన దారినే, టేకు చెట్లలోకి నడిచి వెళ్లిపోయాడు.